పాత ఎస్టీమ్‌ని రేసుకు తయారు చేస్తున్న: మిర్యాలగూడ షెడ్డు డైరీ

జనవరి, సంక్రాంతి అయినంక

బండి దొరికింది. 2004 మోడల్ మారుతి ఎస్టీమ్, హాలియా దిక్కు ఒక మిల్లు వెనక వేపచెట్టు కింద ఎప్పటిసందో నిలవడ్డది. ఇంజన్ తిరుగుతది గానీ లాగది, ఏసీ పనిచెయ్యది, డిక్కీల గ్యాస్ కిట్ పెట్టి తీసిన ఆనవాళ్ళు. తుప్పు మాత్రం లేదు, నాకు కావాల్సింది గదే. మన దగ్గర గాలి పొడిది కాబట్టి పైన రంగు తెల్లబోయినా కింద ఫ్లోరు గట్టిగనే ఉంటది, అదే సముద్రం ఒడ్డున తిరిగిన బండి అయితే కార్పెట్ లేపి చూసేదాక అడ్వాన్స్ ఇయ్యొద్దు. ముప్పై ఎనిమిది వేలకు తెగింది.

ఎస్టీమే ఎందుకురా అని మా బావ అడిగిండు, ఆయనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్న. 1298 సీసీ, నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, ఎంపీఎఫ్ఐ, అంటే కార్బురేటర్ బదులు పెట్రోల్ ఇంజెక్షన్, వచ్చినంక 85 హార్స్‌పవర్, బండి బరువు తొమ్మిది వందల కిలోల లోపల. 1994ల వచ్చి 2007 దాక అమ్ముడువోయింది కాబట్టి పార్టులు ఇప్పటికీ స్క్రాపుల దొరుకుతయి. మన దేశంల రేసులు, ర్యాలీలు రెండిట్ల ఏండ్ల తరబడి ఉరికిన బండి, దీని రోగాలన్నీ మెకానిక్‌లకు కంఠతా వచ్చు. పాత హోండా సిటీ వీటెక్ తీసుకుంటే 1.5 ఇంజన్, 106 హార్స్‌పవర్, అది ఇంకా గట్టిది, ఒప్పుకుంట. గానీ మంచి బాడీతో దొరికేది నా బడ్జెట్‌కు అందలే.

బడ్జెట్ మూడున్నర లక్షలు, చిట్టీ ఎత్తిన పైసలు. బండి కొనుడు, తయారు చేసుడు, నా బట్టలు, హెల్మెట్, మొదటిసారి ట్రాక్ కాడికి పొయ్యే ఖర్చు అన్నీ అందులనే.

మనకు దగ్గరి ట్రాక్ అంటే చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు కాడ ఇరుంగట్టుకోట్టై, 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరుల కరి స్పీడ్‌వే ఇంకా దూరం, నోయిడా దిక్కు బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు, అక్కడికి డీజిల్ పైసలకే చిట్టీ అయిపోతది. హైదరాబాద్‌ల 2023 ఫిబ్రవరిల ఫార్ములా ఈ, కరెంటు కార్ల రేసు, జరిగింది నిజమే, హుస్సేన్ సాగర్ ఒడ్డున నేను గూడ పోయి నిలబడి చూసిన, మరుసటేడు రద్దయింది. ఉన్నా గూడ దాంతోటి మనలాంటోళ్ళకు ఒరిగేది ఏం లేదు, అక్కడ ఎస్టీమ్‌ని గేటు దాటనియ్యరు.

మిర్యాలగూడల రేసు షాపు లేదు. గానీ రైసుమిల్లుల ఊరు కదా, లేత్‌లు ఉన్నయి, ఎలివేటర్లు, హాపర్లు కట్టే వెల్డర్లు ఉన్నరు, అడుగడుగుకు వేబ్రిడ్జి ఉంది. అందుకే మొదలే ఒక గీత గీసుకున్న. బండిని ఉరికించేది, తిప్పేది, తూచేది ఏదైనా ఇక్కడే చేపిస్త, ఎంత తక్కువల అయితే అంత తక్కువల. నన్ను బతికించేది మాత్రం, అంటే సీటు, బెల్టు, హెల్మెట్, కేజ్ (బండి పల్టీ కొడ్తే టాపు నలగకుండ లోపల కట్టే పైపుల పంజరం) పైపు, పరీక్ష చేసిన ముద్ర ఉన్నదే కొంట, దాంట్ల బేరం లేదు.

ఫిబ్రవరి

ముందుగాల ధర్మకాంట మీదికి ఎక్కించినం. 880 కిలోలు. వేబ్రిడ్జి పదేసి కిలోల లెక్కల చూపిస్తది కాబట్టి అటో ఇటో అయిదు. ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద ఉంచి ఒకసారి, మొత్తం ఎక్కించి ఒకసారి చూస్తే ముందు ఎంత వెనక ఎంత అని గూడ తేలిపోతది, దీనికి వేరే యంత్రం అక్కర్లే. కాంట ఆయన వడ్ల ట్రాక్టర్లను ఆపి మరీ చూడనిచ్చిండు, స్లిప్పు మీద సరుకు పేరు కాడ "కారు" అని కొట్టిండు.

ఇగ ఊడదీసుడు. సీట్లు, ఏసీ కంప్రెసర్, కండెన్సర్, బ్లోయర్, డోర్ల లోపలి అట్టలు, స్టెప్నీ, వెనక స్పీకర్ల చెక్క. ప్రతి వైరింగ్ కొసకు కాగితం కట్టి పేరు రాసి మడతపెట్టినం, కత్తిరించలే. పాత బండ్ల వైరింగ్ ఒకసారి కోస్తే ఏ వైరు ఏ సెన్సార్‌ది అని పట్టుకునేసరికి నెల పడ్తది.

ఫ్లోరు మీద చప్పుడు రాకుండ కంపెనీ వేసే తారు పట్టీలు ఉంటయి, అవి పీకుడు మస్తు తలనొప్పి. బయటోళ్ళు డ్రై ఐస్ పోసి గడ్డకట్టించి సుత్తితోటి కొడ్తరు. మన దగ్గర డ్రై ఐస్ యాడ దొరుకుతది, ఎండ మాత్రం కావాల్సినంత ఉంది, అది మార్చి చివరికి పెట్టుకున్న.

బండి ఆర్సీ సంగతి గూడ చెప్త, ఎందుకంటే తెలిసినోడల్లా "నల్లగొండ దాక ఒక రౌండ్ వేద్దాం పా" అంటుండు. కేజ్ పెట్టి, సీట్లు పీకినంక ఈ బండి రోడ్డు మీద తిరుగొద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం ఇష్టమొచ్చినట్టు మార్చుడు కుదరదు. ఎక్కడికన్న పోవాలంటే ఇంకో బండి మీద ఎక్కి పోవాల్సిందే.

మార్చి

కంప్రెషన్ చూసినం. ఒకటో సిలిండర్ 170 పీఎస్ఐ, రెండు 165, మూడు 168, నాలుగోది 120. నాలుగో దాంట్ల చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళ చూస్తే 122. రింగుల కాడ లీకు ఉంటే ఆయిల్ పోయంగనే రీడింగ్ లేవాలె, లేవలే అంటే వాల్వు అన్నా, గ్యాస్కెట్ అన్నా. హెడ్ దింపితే ఎగ్జాస్ట్ వాల్వు కూసునే సీటు కాలి లోపలికి దిగింది. గ్యాస్ మీద నడిపిన బండ్లకు ఇది మామూలే, ఎల్‌పీజీ పొడిగ మండుతది, సీటు అరుగుతది.

హెడ్ మీద సీట్లు కొత్తవి కొట్టించి, వాల్వులు పేస్ట్ వేసి తిప్పి, పైన సన్నగ మట్టం పట్టించినం. ఇంజన్‌కు ఇంతకంటే పెట్టలే. క్యామ్ మార్చు, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వెయ్యి అని సలహాలు ఊకె వస్తున్నయ్, పది గుర్రాలు పెరుగుతయి కావొచ్చు, ఆ పైసలతోటి టైర్ల సెట్టు వస్తది. కొత్తగ నేర్చుకునేటోడు పది గుర్రాలతోటి గెలిచేది ఏం లేదు, టైర్ ఉన్నన్ని ల్యాపులు తిరిగితే గెలిచేది ఉంది.

ఇంజన్ల ఒక్క పని మాత్రం తప్పదు, సంపు. మామూలు బండిల ఆయిల్ సంపు ఖాళీ తొట్టి, పొడుగు మలుపుల ఆయిలంత ఒక దిక్కుకు జరిగి పికప్ పైపు గాలి పీలుస్తది, బేరింగులు అక్కడికక్కడ పోతయి. సంపు లోపల పికప్ చుట్టూ రేకుతోటి గోడలు కట్టి, ఆయిల్ లోపలికి వచ్చేటట్టు, బయటికి పోకుండ చిన్న కబ్జాల రేకులు బిగించినం. లేత్ కాక దీన్ని చూసి "గిది మా హాపర్ల ఫ్లాపే కదా" అని గంట సేపట్ల చేసిచ్చిండు.

రేడియేటర్ సంగతి వేరే. థర్మోస్టాట్ కవర్ విప్పితే లోపల తెల్లగ పెచ్చులు, గోటితోటి గీకితే పొరలు పొరలుగ లేస్తున్నయ్. ఏండ్లకేండ్లు బోరు నీళ్ళు పోసిండ్రు. నల్లగొండ నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడ్ యాదికొస్తది, దాన్ని పటిక, సున్నంతోటి తీసే పద్ధతికి ఏకంగ "నల్లగొండ టెక్నిక్" అనే పేరు వడ్డది, గానీ రేడియేటర్ పాణం తీసేది నీళ్ళల్ల ఉన్న కాల్షియం, మెగ్నీషియం. వేడెక్కంగనే గోడలకు గడ్డకడ్తది, ఆ పొర దాటి వేడి బయటికి రాదు. కోర్ కొత్తది వేసినం, బ్లాకు లోపల కడిగినం, ఇగ నుంచి బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటరే. చాలా రేసులల్ల పచ్చ కూలెంట్ పోయనియ్యరు, ట్రాక్ మీద కారితే జారుడు ఎక్కువ, తుడిస్తే పోదు. అందుకే నీళ్ళు, తుప్పు పట్టకుండ కొంచెం మందు, అంతే.

మార్చి ఆఖరు

ఎండలు ముదిరినయ్. బండిని పొద్దుగాల సంది డోర్లు మూసి ఎండకు పెట్టి, మధ్యాహ్నం రెండింటికి లోపలికి దూరి పుట్టీ బ్లేడుతోటి తారు గీకినం, మెత్తగ పట్టీలు పట్టీలుగ లేచొచ్చింది. మిగిలిన జిగురు డీజిల్ గుడ్డతోటి తుడుసుడే. లోపల మనిషి పది నిమిషాల కంటే ఎక్కువ ఉండలేడు, వంతులేసుకుని చేసినం, మజ్జిగ క్యాన్ పక్కకే పెట్టుకుని.

మళ్ళ కాంట ఎక్కిస్తే 740. నూట నలభై కిలోలు పోయింది.

ఏప్రిల్

ఈ నెలంత కేజ్. పైసలు, బుర్ర రెండూ ఎక్కువ పెట్టింది ఇక్కడే కాబట్టి జర వివరంగ రాస్త.

ప్రపంచం మొత్తం కార్ రేసులకు రూల్స్ పెట్టే ఎఫ్ఐఏ రూల్ బుక్కుల అపెండిక్స్ జె, ఆర్టికల్ 253ల కేజ్ గురించి అంతా ఉంటది. అతుకు లేని కోల్డ్ డ్రాన్ కార్బన్ స్టీల్ పైపు, గుంజితే తెగకుండ ఆగే బలం (టెన్సైల్) చదరపు మిల్లీమీటర్‌కు కనీసం 350 న్యూటన్లు. డ్రైవర్ వెనక నిలబడే మెయిన్ హూప్‌కు 45 మిల్లీల పైపు, మందం 2.5, లేకుంటే 50కి 2. మిగతావాటికి 38కి 2.5, లేకుంటే 40కి 2. పైపు వంచిన కాడ ముడతలు రావొద్దు, వంపు వ్యాసార్థం పైపు సైజుకు మూడింతలకు తగ్గొద్దు.

మా వెల్డరన్న ఇది విని నవ్విండు. "తమ్మీ, గీ సైజు యాడ దొరకబట్టాలె, రెండించుల జీఐ పైపు కొడ్త, మీదికెల్లి ట్రాక్టర్ ఎక్కినా వంగది."

"అన్నా, ట్రాక్టర్ మెల్లగ ఎక్కుతది. ఇది వంద మీద పల్టీ కొడ్తది."

జీఐ పైపు రేకును చుట్టి పొడుగునా అతికించింది. నీళ్ళకు సరిపోతది, దెబ్బ తగిలి నలిగినప్పుడు ఆ అతుకు కాడ విచ్చుకునే ప్రమాదం ఉంది, పైగ ఆ స్టీలుకు బలం ఇంత అని ఎవ్వడూ రాసియ్యడు. మీద జింకు పూత ఉంటది కాబట్టి వెల్డింగ్ పెడ్తే ఆ పొగ పీల్చినోడికి రాత్రి జ్వరం. ఈ ఆఖరు మాటతోటి అన్న ఒప్పుకున్నడు, అనుభవం ఉన్నట్టుంది.

పైపు సికింద్రాబాద్ రాణిగంజ్‌ల దొరికింది, మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ జిరాక్స్ తీసుకుని మరీ కొన్న. వంచుడు పెద్ద సమస్య అయింది. ఇక్కడ ఒకాయన హైడ్రాలిక్ బెండర్ మీద ముక్క వంచి చూపిస్తే వంపు కాడ వెర్నియర్ పెట్టినం, ఒక దిక్కు 47.5, ఇంకో దిక్కు 40. చిన్నదాన్ని పెద్దదాంతోటి భాగిస్తే 0.84, రూల్ ప్రకారం 0.9కి తగ్గొద్దు. ఇసుక నింపి వంచినా లోపలి వైపు ముడత కనవడ్తనే ఉంది. ఆ ముక్క పక్కన పడేసి, కొలతల అట్టలు పట్టుకుని హైదరాబాద్ బాలానగర్ పోయి, పైపు నలగకుండ లోపల మాండ్రెల్ అనే గుండు పెట్టి వంచే మిషన్ ఉన్న షాపుల చేపిచ్చినం. అక్కడ 46కి 42.5 వచ్చింది, 0.92. వంపు లోపలి వైపు వేలుతోటి తడిమితే నున్నగ ఉంది. రేటు ఎక్కువే, బేరం ఆడలే.

వెల్డింగ్ మాత్రం మన అన్నదే. ముందు రెండు ముక్కలు, ఒకదాని కొసను రెండోదానికి గుండ్రంగ ఆనేటట్టు తొలిచి, సీఓటూ వెల్డింగ్ పెట్టిచ్చి, ఆ జాయింట్‌ని నడిమికి కోసి చూసినం. లోపలి దాక కరిగి పట్టింది. ఎలివేటర్లు కట్టిన చెయ్యి, వంక పెట్టనీకి లేదు.

అసలు చిక్కు ఏందంటే, కేజ్ టాపుకు ఎంత దగ్గరగ ఉంటే అంత మంచిది, తలకు జాగ ఉంటది. గానీ టాపుకు ఆనుకుని ఉంటే జాయింట్ పైభాగం టార్చ్‌కు అందది, సగం వెల్డే పడ్తది. దీనికి ఉపాయం, కాళ్ళు నిలబడే కాడ ఫ్లోరుకు బొక్కలు కోసి, కేజ్ మొత్తాన్ని ఆ బొక్కల నుంచి కిందికి జానెడు దించినం, పై జాయింట్లు చుట్టూ తిప్పి వెల్డ్ చేసినం, మళ్ళ జాకీతోటి పైకి లేపి కాళ్ళ కింద ప్లేట్లు పెట్టి మూసినం. బాడీకి వేసే ప్లేట్లు కనీసం 3 మిల్లీల మందం, 120 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో కాలుకు 8.8 గ్రేడ్ ఎం8 బోల్టులు మూడు. అన్ని జాయింట్లకు ముందు చిన్న చిన్న ట్యాకులు, తర్వాత ఎదురెదురు మూలలు మార్చుకుంట ఫుల్ వెల్డ్, లేకుంటే వేడికి గుంజుకుని ఒక దిక్కు వంకర పోతది. మొదలు పెట్టేముందే బ్యాటరీ, ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) రెండూ బండిల నుంచి తీసి ఇంట్ల పెట్టిన.

సీటు ఎఫ్ఐఏ 8855 స్టాండర్డ్‌ది, బెల్టు 8853ది, రెండూ కొత్తవి. ఒకాయన వాడిన బెల్టు సగం రేటుకు ఇస్త అన్నడు, లేబుల్ మీద తారీఖు అయిపోయింది. చూపుకు కొత్తగనే ఉంది, కానీ ఎండకు, చెమటకు లోపల దారం బలం పోతది, అది కంటికి కనవడది. అందుకే దానికి ముద్ర కొట్టి తారీఖు పెడ్తరు. తీసుకోలే. హెల్మెట్ గూడ గిట్లనే, బైక్ హెల్మెట్ నడవది, నిప్పును తట్టుకునే స్నెల్ ఎస్ఏ రేటింగ్ ఉండాలె. మెడకు హాన్స్, గుద్దితే తల ముందుకు ఊగకుండ హెల్మెట్‌ని పట్టుకునేది. ఈ నాలుగింటికే లక్ష దాటింది, బండి రేటుకు మూడింతల దగ్గర. నాకేం బాధ లేదు.

మే

బండి తన కాళ్ళ మీద నిలబడ్డది, స్టార్ట్ అయింది. బ్రేకులు కుదురుసుకోవాలె, దానికి ఖాళీ జాగ కావాలె. మన జిల్లాల ఖాళీ రోడ్లకు కొదవ లేదు, వెంచర్లు ఉన్నయ్ కదా. ప్లాట్లు అమ్మనీకి తారు రోడ్లు వేసి, గేటు పెట్టి, ఇండ్లు ఇంకా లేవని జాగలు. తెలిసినాయన వెంచర్‌ల మాట్లాడుకుని, బండిని డీసీఎం మీద ఎక్కించి తీస్కపోయినం. పోతే రోడ్డంత వడ్లు. చుట్టుపక్కల రైతులు యాసంగి వడ్లు ఆరబోసిండ్రు. ఇంక ఏమంటం, వాళ్ళకు వాన భయం, మనకు తొందర లేదు. ఒకామె "ఏం బండి బిడ్డా, సీట్లు అమ్ముకున్నవా" అన్నది. వాపసు వచ్చినం.

ఈ లోపల బ్రేకుల లెక్క రాసుకున్న. నాతోటి కలిపి 860 కిలోల బండి 140 స్పీడుల నుంచి 60కి దిగాలంటే బ్రేకులు తీసుకోవాల్సిన శక్తి దగ్గర దగ్గర 530 కిలోజౌళ్ళు. అంటే ఒక్కసారి బ్రేక్ తొక్కితే పొయ్యి మీద లీటరు ముప్పావు నీళ్ళు మరిగినంత వేడి, అదీ మూడు నాలుగు సెకండ్లల్ల, మళ్ళ నిమిషం లోపల ఇంకో మలుపు. ఈ బండికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, భారమంత ముందటి డిస్కుల మీదనే.

అందుకే ప్యాడ్లు మంచివి వేసిన, ఆయిల్ మార్చిన. మామూలు డాట్ 3 బ్రేక్ ఆయిల్ కొత్తగ ఉన్నప్పుడు 205 డిగ్రీల దాక మరగది, తేమ పీల్చినంక 140కే మరుగుతది. డాట్ 4 అయితే 230, తేమతోటి 155. మరిగితే లైన్ల ఆవిరి బుడగలు, పెడల్ నేలకు పోతది. వాన కాలంల సగం వాడిన డబ్బా మూత పెట్టి దాసుకుని మళ్ళ పోసుడు మన దగ్గర మస్తు మందికి అలవాటు, రేసు బండికి అది చెయ్యొద్దు, ప్రతి మీట్ ముందు కొత్త డబ్బా.

డిస్కులకు గాలి గూడ కావాలె. బంపర్ల ఫాగ్ లైట్ల బొక్కల నుంచి మిల్లుల దుమ్ము గుంజే ఫ్లెక్సిబుల్ పైపు, మూడించులది, చక్రం దాక తెచ్చినం. ఆఖరు జానెడు మాత్రం అల్యూమినియం, ప్లాస్టిక్ పైపు డిస్కు పక్కన కరిగిపోతది. మొత్తం ఖర్చు వెయ్యి లోపల.

జులై

వడ్ల కొనుగోలు సెంటర్లు మూసిండ్రు. నేను ఎదురు చూసింది దీనికోసమే. సెంటర్లల్ల బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాటాలు సీజన్ అయిపోతే మూలకు పడి ఉంటయి, ఒక్కోటి 300 కిలోల దాక తూస్తది. మా బావ తెలిసినోళ్ళ దగ్గర నాలుగు కిరాయికి ఇప్పిచ్చిండు. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు, రేసోళ్ళు దీన్నే కార్నర్ వెయిట్ అంటరు, దీనికి వాడే సెట్టు కొంటే నా బండి రేటు కంటే ఎక్కువ.

కాటాలు నాలుగూ ఒకే మట్టంల ఉండాలె, ఇది తప్పితే అంతా ఉత్తదే. మేస్త్రీలు వాడే నీళ్ళ పైపుతోటి లెవల్ చూసి, తక్కువ ఉన్న దాని కింద రేకు ముక్కలు పెట్టినం. టైర్లల్ల గాలి సమానం, ముందటి యాంటీ రోల్ బార్ (బండి పక్కకు ఒరగకుండ రెండు చక్రాలను కలిపే రాడ్) లింకు విప్పుడు, ట్యాంకు సగం. డ్రైవర్ సీట్ల నా బదులు బియ్యం బస్తాలు, మూడు పాతిక కిలోలవి, ఒకదాంట్ల నుంచి నా బరువు లెక్కకు కొంచెం తీసినం. మా అమ్మ "బియ్యం కారు సీట్ల ఎందుకురా" అని అడిగి, జవాబు వినకుండనే లోపలికి పోయింది.

మొదటి రీడింగ్: ముందు ఎడమ 246, ముందు కుడి 282, వెనక ఎడమ 172, వెనక కుడి 160. మొత్తం 860. చూడాల్సింది మూల నుంచి మూలకు. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 454, మొత్తంల 52.8 శాతం. సగానికి సగం ఉండాలె, లేకుంటే బండి ఒక దిక్కు మలుపుల ఒకతీరు, ఇంకో దిక్కుకు ఇంకోతీరు తిరుగుతది.

సరిచేయాలంటే స్ప్రింగ్ కూసునే కప్పు పైకి కిందికి జరగాలె. దీనికి లేత్ కాక ముందే స్లీవులు చేసిచ్చిండు, స్ట్రట్ గొట్టం మీద ఎక్కేటట్టు, బయట మర కోసి, పైన నట్టు, దాన్ని గట్టిగ పట్టుకునే లాక్ నట్టు ఒకటి. అంగట్ల ఇట్ల ఎత్తు మార్చుకునే కాయిలోవర్ కిట్ కొంటే ఎంతైతదో రాసి బాధ పడను, కాకకు నాలుగు స్లీవులకు ఇచ్చింది ఆరు వేలు. ముందు కుడి నట్టు కొంచెం దించి, ఎదురు మూల గూడ కొంచెం దించి, మిగతా రెండు అంతే ఎత్తి, ప్రతిసారి బండిని ముందుకు వెనకకు ఊపి సర్దుకున్నంక రీడింగ్. చీకటి పడేవరకు 258, 270, 160, 172. మూలల మొత్తం 430, సరిగ్గ యాభై శాతం.

ఎడమ, కుడి తేడా మాత్రం నట్లు తిప్పితే పోదు, డ్రైవర్ కుడి దిక్కు కూసుంటడు కాబట్టి. బ్యాటరీని ముందే డిక్కీల ఎడమ మూలకు మార్చినం, ఇంకా ఇరవై నాలుగు కిలోల తేడా ఉంది, ఉండనీ.

అదే రోజు క్యాంబర్, అంటే చక్రం పైకి ఎంత ఒరిగి ఉందన్నది. స్ట్రట్ పైన బోల్టుల బొక్కలు లోపలికి సాగదీసి, చక్రం పైభాగం లోపలికి వంగేటట్టు పెట్టినం. కొలవనీకి మేస్త్రీ గుండు దారం చాలు. రిమ్ము అంచు నుంచి అంచుకు 355 మిల్లీలు, రెండున్నర డిగ్రీలు కావాలంటే పై అంచు కింది అంచు కంటే పదిహేనున్నర మిల్లీలు లోపలికి ఉండాలె. ఫస్టుకు తొమ్మిది మిల్లీల కాడ ఆపినం, అంటే ఒకటిన్నర డిగ్రీ, పరీక్ష చేసి పెంచుదామని.

ఆగస్టు

వెంచర్ రోడ్లు ఖాళీ అయినయ్. క్లబ్బు హౌజ్ ముందట పార్కింగ్‌కు పరిచిన పెద్ద సీసీ జాగల నడుమ మేకు కొట్టి, తాడు కట్టి, ముగ్గు పోసి గుండ్రం గీసినం. లోపలి చక్రాలు ముగ్గు మీద తిరిగితే బండి నడిమధ్య 15 మీటర్ల వ్యాసార్థం మీద పడేటట్టు లెక్క. దీంట్ల స్పీడ్ నలభై దాటది కాబట్టి భయం లేదు, గానీ టైర్ ఎంత పట్టుకుంటుందో నిజం చెప్తది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని ఒకడు, స్టాప్‌వాచ్ పట్టుకుని ఒకడు.

ఒకటిన్నర డిగ్రీ క్యాంబర్‌తోటి గుండ్రానికి 8.9 సెకండ్లు, అంటే 0.76 జీ, బండి బరువుల 76 శాతం అంత పక్కకు తట్టుకుంది. ఆగంగనే టైర్ రబ్బర్ల సూది థర్మామీటర్ గుచ్చితే బయటి అంచు 71, నడిమ 64, లోపలి అంచు 58. బయటి అంచే పని చేస్తుంది, లోపలిది ఊకె తిరుగుతుంది. క్యాంబర్ రెండున్నరకు పెంచి, దారం కట్టి టో (చక్రాలు ముందుకు సూటిగ ఉన్నయా అని) మళ్ళ చూసి, పోతే 8.5, 0.84 జీ. టైర్ వేడి గూడ మూడు కాడ్ల దగ్గర దగ్గరకు వచ్చింది. ఎడమకు తిరిగినా కుడికి తిరిగినా టైము ఒక్కటే, కాటాల మీద కూసున్న ఆ పొద్దు పని ఇక్కడ కనవడ్డది.

ఈ తేడాకు అయిన ఖర్చు ఫైలు అరిగినంత, ముగ్గు పిండి ప్యాకెట్. హార్స్‌పవర్ కోసం ఫోన్ చేసేటోళ్ళకు ఇగ ఈ రెండు నంబర్లే పంపుతున్న.

మలుపుల ఆయిల్ ప్రెషర్ ముల్లు కదలలే, సంపుల ఫ్లాపులు పనిచేసినట్టే.

సెప్టెంబర్

చెన్నై ట్రాక్‌ల ప్రాక్టీస్ రోజుకు పోతున్నం, రేసుకు ఇంకా కాదు. రేసుకు ఎఫ్ఎంఎస్‌సీఐ, మన దేశంల మోటార్ రేసులు చూసే సంస్థ, లైసెన్స్ కావాలె, దాని మెడికల్ కాగితాలు తయారైతున్నయ్.

స్క్రూటినీల, అంటే ట్రాక్ ఎక్కే ముందు బండి తనిఖీల, చూసేటియి ఒక్కొక్కటి పెడ్తున్న. కరెంటు మొత్తం కట్ చేసే మాస్టర్ స్విచ్ లోపలి నుంచి, బయటి నుంచి రెండు కాడ్ల అందాలె, ఇంజన్ ఉరుకుతుండంగ తిప్పినా బండి ఆగాలె. మొదట పెట్టిన వైరింగ్‌ల స్విచ్ తిప్పినా ఆల్టర్నేటర్ కరెంటు మీద ఇంజన్ నడుస్తనే ఉంది, ఎలక్ట్రీషియన్ తమ్ముడు ఇంకో జత కాంటాక్టులు ఉన్న స్విచ్ తెచ్చి ఇగ్నిషన్ గూడ దాంట్ల నుంచే తిప్పిండు. బయట నీలం త్రిభుజంల ఎర్ర మెరుపు గుర్తు, తెల్ల అంచు, కనీసం 12 సెంటీమీటర్లు. ముందు వెనక గుంజే కొక్కాలకు ఎర్ర రంగు. ఎక్స్‌టింగ్విషర్ రేకు పట్టీలతోటి బిగించినం, ప్లాస్టిక్ క్లిప్పులు నడవయ్.

రవాణాకు పదిహేడు ఫీట్ల డీసీఎం మాట్లాడినం. ఎస్టీమ్ పొడుగు నాలుగు మీటర్ల పైన కొంచెం, వెడల్పు 1.6 లోపల, సరిపోతది. మిల్లు లోడింగ్ ప్లాట్‌ఫారం ఎత్తు, డీసీఎం బెడ్ ఎత్తు దగ్గర దగ్గర ఒకటే, నడుమ రెండు చెక్కలు వేసి నూకితే ఎక్కుతది. అద్దంకి మీదికెల్లి ఒంగోలు, నెల్లూరు, చెన్నై. పోయేటప్పుడు సులువే, అక్కడ దించనీకి ప్లాట్‌ఫారం ఉండది కాబట్టి వెల్డరన్న రెండు ర్యాంపులు కడ్తుండు, దానికి మాత్రం ఆయన అడిగిన జీఐ పైపే వాడుకొమ్మన్న.

పైసలు మూడు లక్షల పది వేల దాక అయినయ్. మిగిలిన దాంట్ల ట్రాక్ ఫీజు, డీసీఎం కిరాయి పోతే టైర్లకు ఒక్క సెట్టే వస్తది. కొత్త రోడ్డు టైర్లు వేసి రోజంతా తిరుగుడా, సెకండ్ హ్యాండ్ స్లిక్కులు (గాట్లు లేని రేసు టైర్లు) పట్టుకుని సగం రోజు తిరుగుడా అని షెడ్డుల పంచాయితీ నడుస్తుంది. మా తమ్ముడు స్లిక్కులు అంటుండు. నేను రోడ్డు టైర్లకు అడ్వాన్స్ కట్టొచ్చిన, వాడికి ఇంకా చెప్పలే.